మాట వినని కుక్కపిల్ల ఆటను కానన్ ఆర్10తో తీయవచ్చా?

వీధి నుంచి ఇంటికి వచ్చిన కుక్కపిల్లకు కూర్చోమంటే కూర్చోవడం, ఆగమంటే ఆగడం ఇంకా తెలియవు. పేరు పెట్టి పిలిచినా అది తన పేరేనని గుర్తుపట్టడానికే కొన్నాళ్లు పడుతుంది. అలాంటి పిల్ల ఆడుకుంటుండగా ఫొటో తీయాలనుకునేవారు కెమెరా కొనేటప్పుడు మెగాపిక్సెళ్ల సంఖ్య కంటే ముందు చూసుకోవలసిన విషయం ఒకటుంది: పిల్లను ఒక్క క్షణమైనా నిలబెట్టవలసిన అవసరం లేకుండా ఆ కెమెరా తన పని చేసుకుపోగలదా, లేదా? కానన్ ఆర్10ను నేను ఈ ఒక్క కొలతతోనే చూశాను. పెళ్లిళ్లకు, ప్రకృతి దృశ్యాలకు, వీడియోలకు ఇది ఎంతవరకు పనికివస్తుందన్నది ఈ సమీక్షలో ఉండదు.

మేము చెన్నైలో, తిరువాన్మియూర్‌లో ఉంటాము. రంగడు మా వీధి చివర తల్లి లేకుండా దొరికిన నాటు కుక్కపిల్ల. ఒళ్లు గోధుమ రంగు, మూతి నలుపు. ఒక చెవి నిక్కి ఉంటే రెండోది వాలి ఉంటుంది. టీకాలు వేయించని కుక్కపిల్లలకు పార్వో వ్యాధి ప్రాణాంతకం కాబట్టి, టీకాల వరుస పూర్తయ్యేవరకు వీధి కుక్కలు తిరిగే చోట దాన్ని నేల మీద దించవద్దని పశువైద్యురాలు చెప్పారు. అందువల్ల మొదటి నెలల ఫొటోలన్నీ మా హాల్లోనూ, మేడ మీదనూ తీసినవే. సముద్రపు ఒడ్డున తీసినవి ఆ తరువాతివి. ఈ వివరం చెప్పడానికి కారణం ఉంది. కుక్కపిల్లను తెచ్చుకున్న చాలామందికి తొలి ఫొటోలు తీయవలసివచ్చేది వెలుతురు చాలని ఇంట్లోనే, అటు ఇటు కదలడానికి చోటు లేని గదిలోనే. పచ్చిక బయళ్లలో, పుష్కలమైన ఎండలో పరీక్షించి రాసిన సమీక్షలు ఇక్కడ అంతగా అక్కరకు రావు.

కానన్ సంస్థ ఆర్10ను, ఆర్7ను 2022 మే నెలలో కలిపి ప్రకటించింది. ఆర్ఎఫ్ మౌంటులో, అంటే ఆ పేరుగల లెన్సు బిగింపులో, ఏపీఎస్-సి అనే చిన్న సైజు సెన్సరుతో వచ్చిన తొలి రెండు కెమెరాలు ఇవే. ఆర్10 సెన్సరు 24.2 మెగాపిక్సెళ్లది. బ్యాటరీ, కార్డు కలుపుకొని కెమెరా 429 గ్రాములు, దానితో నేను తీసుకున్న ఆర్ఎఫ్-ఎస్ 18-150 మిల్లీమీటర్ల జూమ్ లెన్సు 310 గ్రాములు. రెండూ కలిసి ముప్పావు కిలోకు లోపే. ఎగిరెగిరి మీదికి వచ్చే పిల్లను ఒక చేత్తో పక్కకు తప్పిస్తూ రెండో చేత్తో కెమెరా పట్టుకోవలసివచ్చే ఈ పనిలో ఇంత తక్కువ బరువు నిజంగా గొప్ప వరం. కుడిచేతి పట్టు లోతుగా ఉండటం వల్ల ఒంటిచేత్తో పట్టుకున్నా జారిపోతుందన్న భయం కలగలేదు.

ఇక అసలు విషయం, ఆటోఫోకస్. ఈ సెన్సరులో ప్రతి పిక్సెల్ కిందా కాంతిని గ్రహించే భాగాలు రెండుంటాయి. రెండింటికీ అందిన బింబాల మధ్య తేడాను బట్టి, వస్తువు ఫోకస్‌కు ముందుందో వెనుకుందో, ఎంత దూరంలో ఉందో కెమెరా లెక్కకట్టి లెన్సును ఒకేసారి అక్కడికి జరుపుతుంది. ముందుకూ వెనక్కూ వెతుక్కోవలసిన పని దానికి ఉండదు. ఈ పద్ధతిని కానన్ 2013లో 70డి కెమెరాతో ప్రవేశపెట్టింది. ఆర్10లో ఉన్నది దాని రెండో తరం. దీనికి తోడు మనుషులను, వాహనాలను, జంతువులను గుర్తుపట్టే శక్తిని ఖరీదైన ఆర్3 కెమెరా నుంచి తెచ్చి ఇందులో చేర్చారు. జంతువులు అంటే కుక్కలు, పిల్లులు, పక్షులు. మెనూలో గుర్తించవలసినది జంతువులని ఎంచుకుని, కంటి గుర్తింపును ఆన్ చేసి, ఫోకస్ ప్రాంతాన్ని ఫ్రేము మొత్తానికి ఇచ్చి, కదిలేదాన్ని ఆగకుండా వెంబడించే సర్వో పద్ధతిలో పెట్టుకుంటే, కుక్కపిల్ల ఫ్రేములో ఏ మూల నుంచి దూరినా చిన్న నీలిరంగు చదరం దాని కంటిని పట్టుకుని వెంట తిరుగుతుంది.

ఇది ఎంత బాగా పనిచేస్తుందన్నది పిల్ల రంగు మీద, వెలుతురు మీద ఆధారపడి ఉంటుంది. రంగడి కళ్లు ముదురు గోధుమ రంగువి, వాటి చుట్టూ బొచ్చు నలుపు. మేడ మీద ఉదయపు వెలుతురులో ఈ కెమెరా వాటిని సులువుగానే పట్టుకుంది. సాయంత్రం హాల్లో, కంటిలో కాంతి చుక్క కూడా మెరవని చోట, కన్ను వదిలేసి తలను, తల కూడా తిరిగిపోతే ఒంటిని పట్టుకుంది. ఇలా కన్ను నుంచి తలకు, తల నుంచి ఒంటికి మారినప్పుడు కూడా కెమెరా పిల్లను విడిచి వెనుక గోడకు పోకపోవడాన్ని నేను దీని ప్రధాన గుణంగా భావిస్తున్నాను. కంటిని కచ్చితంగా పట్టుకున్న ఫ్రేములు కొన్ని తక్కువైనా ఫరవాలేదు. గోడ మీది క్యాలెండరు స్పష్టంగా, పిల్ల మసకగా వచ్చిన ఫ్రేములు మాత్రం ఎందుకూ కొరగావు. నల్లటి కుక్కపిల్లలు ఉన్నవారు కిటికీకి వీపు పెట్టి, అంటే వెలుతురు పిల్ల ముఖం మీద పడేలా కూర్చుంటే కంటిలో మెరుపు వస్తుంది, గుర్తింపు బాగా మెరుగుపడుతుంది.

ఆడే పిల్లకూ లెన్సుకూ మధ్య ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డం వస్తూనే ఉంటుంది. చెప్పు, పాత టవల్, ఆడించేవారి చేయి. సర్వో పద్ధతిలో కెమెరా స్వభావాన్ని మార్చే ‘కేసు’లనే అమరికలు కొన్ని ఉన్నాయి. వాటిలో రెండోది అడ్డం వచ్చినవాటిని పట్టించుకోకుండా పాత లక్ష్యాన్నే కొంతసేపు అంటిపెట్టుకునేది. కొన్నవెంటనే మార్చుకోవలసిన అమరిక ఇదేనని నా సలహా. అది పెట్టుకున్న తరువాత చెయ్యి ఊపి ఆడించినా ఫోకస్ చేతి మీదికి దూకడం బాగా తగ్గింది. రెండు కుక్కలు కలిసి ఆడుతున్నప్పుడు మాత్రం చదరం ఒకదాని నుంచి మరొకదానికి గెంతుతుంది. అప్పుడు తెర మీద మనకు కావలసిన పిల్లను వేలితో తాకితే దాన్నే వెంబడిస్తుంది.

ఎదురుగా పరుగెత్తుకొచ్చే పిల్లను పట్టుకోవడం ఏ కెమెరాకైనా కష్టమైన పరీక్ష. అడ్డంగా పరుగెత్తే పిల్లకూ మనకూ మధ్య దూరం పెద్దగా మారదు. ఎదురొచ్చే పిల్ల విషయంలో అది క్షణక్షణమూ తరిగిపోతుంది. పిల్ల సెకనుకు 5 మీటర్ల వేగంతో వస్తోందనుకుందాం. సెకనుకు 15 ఫ్రేములు తీసే ఈ కెమెరాలో ఒక ఫ్రేముకూ తరువాతి ఫ్రేముకూ నడుమ అది 33 సెంటీమీటర్లు ముందుకు వచ్చేస్తుంది. నాలుగైదు మీటర్ల దూరం నుంచి రెండు మీటర్ల దాకా ఆర్10 దీన్ని తట్టుకుంది. అంతకంటే దగ్గరికి వచ్చాక స్పష్టమైన ఫ్రేము దక్కడం అదృష్టమే. అందువల్ల పిల్ల నేరుగా మన మీదికి రాకుండా, మన పక్కనుంచి ఏటవాలుగా దూసుకుపోయేలా బంతి విసిరించుకోవడం మేలు. ముఖమూ కనిపిస్తుంది, దూరమూ నెమ్మదిగా మారుతుంది.

షట్టర్ వేగాన్ని, అంటే సెన్సరు మీద వెలుతురు ఎంతసేపు పడాలన్నదాన్ని, కూడా ఇదే లెక్కతో నిర్ణయించుకోవచ్చు. సెకనుకు 5 మీటర్లు కదిలే పిల్ల, సెకనులో 200వ వంతు కాలంలో రెండున్నర సెంటీమీటర్లు జరుగుతుంది. వెయ్యో వంతులో అర సెంటీమీటరు. రెండువేలవ వంతులో దానిలో సగం. ఒంటి కంటే పాదాలు, చెవులు ఇంకా వేగంగా కదులుతాయి. కాబట్టి పరుగుకు వెయ్యో వంతు కనీసం, రెండువేలవ వంతు ఉత్తమం. నేల మీద దొర్లుతూ తాడు పీకే ఆటకు ఐదువందలో వంతు చాలు.

షట్టర్ విషయంలో ఆర్10 మూడు పద్ధతులు ఇస్తుంది. మెకానికల్ షట్టరుతో సెకనుకు 15 ఫ్రేములు. షట్టరుకు ఉండే రెండు తెరల్లో మొదటిది మాత్రమే ఎలక్ట్రానిక్‌గా ఉండే పద్ధతితోనూ 15. పూర్తిగా ఎలక్ట్రానిక్ షట్టరుతో 23. చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టరే కుక్కపిల్లలకు తగినదని మొదట అనిపిస్తుంది, ఎందుకంటే వీధిలో భయపడి పెరిగిన పిల్లలు చిన్న టకటక శబ్దానికి కూడా మంచం కింద దూరవచ్చు. అయితే ఆ పద్ధతిలో సెన్సరు మీది బింబాన్ని పై వరుస నుంచి కింది వరుస దాకా వరుసగా చదువుతారు. చదవడం పూర్తయ్యేలోపు వేగంగా కదిలే కాళ్లు, తల విదిలించినప్పుడు చెవులు చోటు మారి వంకరగా కనిపిస్తాయి. అది చిత్రాన్ని మెరుగుపరిచే వంకర కాదు. కాలికి దెబ్బ తగిలిందేమోనని చూసేవారు అనుకునేంతగా ఉంటుంది. అందుకే తినేటప్పుడు, నిద్రపోయేటప్పుడు, నిదానంగా వాసన చూస్తూ తిరిగేటప్పుడు ఎలక్ట్రానిక్ షట్టరునూ, పరుగుకు రెండో పద్ధతినీ వాడుతున్నాను. ఆ చప్పుడుకు పిల్లను అలవాటు చేయడం కష్టం కాదు. బిస్కెట్టు ముక్క పెట్టేటప్పుడల్లా దూరం నుంచి ఒకటి రెండు ఫ్రేములు నొక్కుతూ పోతే, కొన్నాళ్లకు ఆ చప్పుడు వినగానే చెవులు నిక్కబొడిచి మన వైపు చూస్తుంది. ఫోకస్ కుదిరినప్పుడు వచ్చే బీప్ శబ్దాన్నీ, చీకట్లో వెలిగే ఫోకస్ సహాయ దీపాన్నీ మాత్రం మెనూలో ముందే ఆపేయండి.

పిల్ల ఎప్పుడు ఎగురుతుందో తెలియనప్పుడు పనికివచ్చేది రా బర్స్ట్ అనే వరుస చిత్రీకరణ పద్ధతి. ఇందులో కెమెరా సెకనుకు దాదాపు 30 ఫ్రేములు తీస్తుంది. ముందస్తు చిత్రీకరణ ఆన్ చేసి బటన్‌ను సగం నొక్కి ఉంచితే, పూర్తిగా నొక్కిన క్షణానికి అరసెకను ముందటి ఫ్రేములు కూడా దక్కుతాయి. అయితే ఇది ఎలక్ట్రానిక్ షట్టరుతోనే పనిచేస్తుంది కాబట్టి పైన చెప్పిన వంకర ఇక్కడా తప్పదు. గాలిలోకి ఎగిరిన పిల్ల అత్యంత ఎత్తులో ఒక లిప్తపాటు వేగం తగ్గుతుంది. ఆ ఫ్రేములో వంకర తక్కువ. బంతి కోసం ఎగరడం, సోఫా మీద నుంచి దూకడం వంటివాటికి మాత్రమే దీన్ని పెట్టుకోండి. మామూలు రా ఫైళ్లతో, అంటే సెన్సరు అందించిన సమాచారాన్ని దాదాపు యథాతథంగా దాచే ఫైళ్లతో, సెకనుకు 15 చొప్పున తీస్తే రెండు సెకన్లకే కెమెరా వేగం తగ్గుతుంది. కంప్రెస్ చేసిన సి-రా ఎంచుకుంటే అంతకు చాలా ఎక్కువసేపు సాగుతుంది, నాణ్యతలో తేడా నా కంటికి కనపడలేదు. కార్డు స్లాటు ఒక్కటే ఉన్నా అది యూహెచ్ఎస్-2 అనే వేగవంతమైన రకం కార్డులను తీసుకుంటుంది. వేగమైన కార్డు కొనడం ఇక్కడ దండగ ఖర్చు అనిపించుకోదు.

అన్నింటికంటే నాకు ఎక్కువ నచ్చినది పక్కకు తెరుచుకుని ఏ వైపుకైనా తిరిగే తెర. నిలబడి కిందికి చూస్తూ తీసిన ఫొటోలో కుక్కపిల్ల పెద్ద తలకాయ, చిన్న కాళ్లతో నేలకు అతుక్కుపోయినట్టు కనిపిస్తుంది, వెనుకంతా గచ్చే. దాని కంటి ఎత్తుకు, అంటే నేల నుంచి సుమారు జానెడు ఎత్తుకు కెమెరాను దించితే అది తన లోకంలో తానుగా కనిపిస్తుంది. నేల మీద బోర్లా పడుకుని వ్యూఫైండరులో చూడవచ్చు గాని, శిక్షణ లేని పిల్లకు పడుకున్న మనిషి అంటే ఎక్కి తొక్కడానికీ, జుట్టు పీకడానికీ పిలుపు. తెర తిప్పుకుని, కింద కూర్చుని, కెమెరాను మోకాళ్ల దగ్గర నేలకు ఆనించి తీయడమే వీలైన పద్ధతి. ఈ సౌకర్యం లేని కెమెరాను ఈ పనికి నేను సిఫారసు చేయను. మేడ మీద మంచి ఎండలో తెర సరిగా కనపడదన్నది నిజమే; కాని కంటిని వెంబడించే పని కెమెరాదే కాబట్టి, పిల్ల ఫ్రేములో ఉందా లేదా అన్నంతవరకు తెలిస్తే సరిపోతుంది.

లెన్సుల విషయంలో కాస్త నిదానంగా ఆలోచించాలి. 18-150 లెన్సు మేడ మీద, సముద్రపు ఒడ్డున అన్ని అవసరాలూ తీరుస్తుంది. పాదాల దగ్గరికి వచ్చిన పిల్లను 18 వద్ద, దూరంగా ఉన్నదాన్ని 150 వద్ద తీసుకోవచ్చు. వెడల్పు చివరలో దాదాపు 17 సెంటీమీటర్ల దగ్గరి వరకు ఫోకస్ చేస్తుంది కాబట్టి ముక్కు లెన్సుకు తగిలించబోయే పిల్లను కూడా పట్టుకుంటుంది. దీని లోపం వెలుతురు. 150 వద్ద వెలుతురు లోపలికి వచ్చే ద్వారం గరిష్ఠంగా ఎఫ్/6.3 మాత్రమే (ఈ అంకె పెరిగినకొద్దీ ద్వారం చిన్నదవుతుంది). ఇందులోని స్థిరీకరణ మన చేతి వణుకును ఆపుతుంది గాని పిల్ల కదలికను ఆపదు, కాబట్టి ఇంట్లో వెయ్యో వంతు షట్టరు పెట్టాలంటే ఐఎస్ఓను, అంటే వెలుతురుకు కెమెరా స్పందించే తీవ్రతను, విపరీతంగా పెంచవలసివస్తుంది, బొచ్చు వెంట్రుకలు కలిసిపోయి ముద్దగా కనిపిస్తాయి. దీనికి మందు ఆర్ఎఫ్ 50 ఎఫ్/1.8 లెన్సు. 160 గ్రాముల బరువుండే ఈ చిన్న లెన్సు ఎఫ్/6.3తో పోలిస్తే 12 రెట్లు ఎక్కువ కాంతిని లోపలికి వదులుతుంది. ఇంట్లో ఐదువందలో వంతు దగ్గర ఆగవలసిన షట్టరును వెయ్యో వంతుకు, రెండువేలవ వంతుకు పెంచుకునే వీలు దీనివల్లనే కలుగుతుంది.

అయితే ఎఫ్/1.8 దగ్గర పిల్ల ఒకటిన్నర మీటర్ల దూరంలో ఉంటే స్పష్టంగా కనిపించే మందం సుమారు 6 సెంటీమీటర్లే. కన్ను స్పష్టంగా ఉంటే ముక్కు కొస మసకబారుతుంది. ఎఫ్/2.8కు తగ్గించుకుంటే ఆ మందం 9 సెంటీమీటర్లు దాటి, చిన్న పిల్ల ముఖమంతా అందులో ఇముడుతుంది. నేను ఇంట్లో ఎక్కువగా వాడేది ఎఫ్/2.8నే. 50 లెన్సు మోటారు 18-150లో ఉన్నదానికంటే నిదానమైనది, కొంచెం చప్పుడు చేస్తుంది. 30 సెంటీమీటర్ల కంటే దగ్గరలో ఫోకస్ చేయలేదు. ఏపీఎస్-సి సెన్సరు మీద దాని చూపు ఫుల్‌ఫ్రేము కెమెరాలో 80 లెన్సు చూపంత ఇరుకుగా ఉంటుంది కాబట్టి, చిన్న హాల్లో గోడకు ఆనుకుని కూర్చుంటే తప్ప పిల్ల మొత్తం ఫ్రేములో పట్టదు. గదులు చిన్నవైనవారికి సిగ్మా వారి 18-50 ఎఫ్/2.8 మంచి దారి; సిగ్మా, టామ్రాన్ సంస్థలు ఆర్ఎఫ్ మౌంటుకు ఏపీఎస్-సి లెన్సులు తెస్తున్నట్టు 2024 ఏప్రిల్‌లో ప్రకటించాక ఈ కెమెరాకు లెన్సుల కొరత చాలావరకు తీరింది.

ఇంట్లో దీపాల గురించి కూడా ఒక మాట. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, కాబట్టి కొన్ని ట్యూబులైట్లు, చవక ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియని ఆ మినుకు వెయ్యో వంతు షట్టరుకు దొరికిపోతుంది. ఒక ఫ్రేము వెలుగుగా, తరువాతిది పసుపుగా, మరొకటి నల్లని పట్టీతో వస్తుంది. ఫ్లికరును తగ్గించే అమరిక కెమెరాలో ఉంది, దానితో మెకానికల్ షట్టరు మినుకు శిఖరాన ఉన్నప్పుడు తెరుచుకుంటుంది. కాని పగటిపూట కిటికీ దగ్గర తీయడమే సులువు. కెమెరా పైన లేచే చిన్న ఫ్లాష్‌ను మాత్రం పిల్ల మీద వాడవద్దు. కుక్కల కంటి వెనుక కాంతిని తిప్పికొట్టే పొర ఉంటుంది, ఫ్లాష్ పడగానే కళ్లు పచ్చగా, దయ్యపు కళ్లలా మెరుస్తాయి. అన్నింటికీ మించి, ఇప్పుడిప్పుడే మనుషులను నమ్మడం నేర్చుకుంటున్న ప్రాణి ముఖం మీద అలాంటి వెలుగు కొట్టడం తగదు.

రంగుల విషయంలో ఒక జాగ్రత్త. వెలుతురును కొలిచే కెమెరా మీటరు తన ముందున్నదాన్ని మధ్యస్థమైన బూడిద రంగుకు తేవాలని చూస్తుంది. రాజపాళయం వంటి తెల్లని కుక్క ఫ్రేము నిండా ఉంటే చిత్రం మబ్బుగా వస్తుంది, ఎక్స్‌పోజరును కొంచెం పెంచాలి. నల్లపిల్ల అయితే తగ్గించాలి. ఆర్10లో రెండు డయళ్లు ఉన్నాయి గనుక ఒకదానికి ఈ పని అప్పగించి, కంటిని తెర మీద నుంచి తీయకుండానే సరిచేసుకోవచ్చు.

కెమెరా ఎంత చురుకైనదైనా పిల్లను చదవడం మన వంతు. ముందుకాళ్లు చాచి, ఛాతీ నేలకు ఆనించి, వెనుకభాగం పైకెత్తి తోక ఊపిందంటే ఆటకు పిలుస్తోందన్నమాట. ఆ తరువాత క్షణంలో పరుగు మొదలవుతుంది. సగం బటన్ నొక్కి సిద్ధంగా ఉండవలసిన సమయం అదే. ఉన్నట్టుండి గుండ్రంగా పరుగులు తీసేటప్పుడు పిల్ల దాదాపు ఒకే దారిలో తిరుగుతుంది, మలుపుల్లో వేగం తగ్గుతుంది. దాని వెంట కెమెరా తిప్పడం కంటే మలుపు దగ్గర కాచుకుని కూర్చోవడం తెలివైన పని. బొమ్మ, బిస్కెట్టు కెమెరా పట్టినవారి చేతిలో ఉండకూడదు. ఉంటే పిల్ల లెన్సు మీదికే వస్తుంది. మా ఇంట్లో ఆ పని మా చెల్లెలి కూతురిది. నా భుజం వెనుక నిలబడి, “పెద్దమ్మా, ఇప్పుడు విసరనా?” అని అడిగి మరీ బంతి విసురుతుంది, ఆ ఒక్క ప్రశ్న వల్ల నేను వేలు సిద్ధం చేసుకునే వ్యవధి దొరుకుతుంది. కీచుమనే బొమ్మను మాత్రం పొదుపుగా వాడాలి. ఒకటి రెండుసార్లు తల పక్కకు వంచి చూస్తుంది, ఆ తరువాత పట్టించుకోదు. ఆవలింతలు, పెదవులు నాకడం, ముఖం తిప్పుకుని కంటి తెల్లగుడ్డు కనిపించేలా పక్కచూపులు చూడటం మొదలైతే అది అలసిందనో, ఇబ్బంది పడుతోందనో గ్రహించి కెమెరా పక్కన పెట్టేయాలి. చిన్న పిల్లలు రోజులో ఎక్కువ భాగం నిద్రపోవలసినవి. నాలుగు మంచి ఫొటోల కోసం ఆ నిద్ర పాడుచేయరాదు.

చెన్నై వాతావరణం ఈ కెమెరాకు అంత అనుకూలమైనది కాదు. ఏసీ గదిలో నుంచి మేడ మీదికి తీసుకురాగానే తేమ గాలి తగిలి లెన్సు మంచుపట్టినట్టు మసకబారుతుంది. సంచిలోనే ఉంచి కాసేపు బయటి వేడికి అలవాటు పడనిచ్చి తరువాత తీయాలి. తుడిచి తుడిచి వాడటం లెన్సుకు మంచిది కాదు. వాడనప్పుడు సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో పెట్టకపోతే ఈ ఊళ్లో లెన్సులకు బూజు పట్టడం ఎంతో సేపు పట్టదు. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం 8 దాటాక, సాయంత్రం 5కు ముందు మేడ గచ్చు పిల్ల పాదాలను కాలుస్తుంది, కాబట్టి ఫొటోల వేళను నిర్ణయించేది కెమెరా కాదు, నేల. అరచేతిని గచ్చు మీద కాసేపు ఆనించి ఉంచలేకపోతే పిల్లను దించకూడదు.

ఆర్10కు నీటి నుంచి, దుమ్ము నుంచి రక్షణ ఇచ్చే సీలింగు లేదు. తిరువాన్మియూర్, బెసంట్ నగర్ తీరాల్లో ఇసుక తవ్వే కుక్కపిల్లను తీసేవారికి ఇది చిన్న విషయం కాదు. ఉప్పుగాలి, ఎగిరే ఇసుక, తడి ముక్కు, మూడూ ఒకేసారి వస్తాయి. 18-150కు 55 మిల్లీమీటర్లది, 50కు 43 మిల్లీమీటర్లది రక్షణ ఫిల్టరు తొడిగించడం, లెన్సు ముందు తొడిగే హుడ్ విడిగా కొనుక్కోవడం తప్పనిసరి ఖర్చులే అనుకోండి. పెట్టెలో హుడ్ రాదు. ఒడ్డున లెన్సు మార్చకూడదు. ఇంటికి రాగానే గాలి ఊదే రబ్బరు బుడ్డితో ఇసుకను ఎగరగొట్టి, ఆ తరువాతే గుడ్డ తాకించాలి. ఇంత శ్రమకు ప్రతిఫలం అక్కడి వెలుతురు. తూర్పు తీరం కాబట్టి ఉదయించే సూర్యుడు సముద్రం వైపు నుంచి నేలబారుగా వచ్చి పిల్ల బొచ్చు అంచులను వెలిగిస్తాడు. సముద్రానికి వీపు పెట్టి కూర్చుంటే ఆ వెలుగు నేరుగా ముఖం మీద పడి కంటి గుర్తింపు ఎంతో బాగా పనిచేస్తుంది.

ఇక్కడ ఒక విన్నపం. ఏటా చలికాలం చివర ఇదే తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. నీలాంగరై నుంచి బెసంట్ నగర్ దాకా రాత్రిళ్లు నడిచి గుడ్లను కాపాడే విద్యార్థుల బృందం 1988 నుంచి పనిచేస్తోంది. ఇసుక తవ్వే కుక్కలు ఆ గూళ్లకు ప్రమాదం. జనవరి నుంచి ఏప్రిల్, మే దాకా ఒడ్డున పిల్లను వదిలిపెట్టి ఫొటోలు తీయవద్దు. పొడవాటి లీష్ కట్టి, దాన్ని పట్టుకున్నవారిని ఫ్రేము బయట నిలబెట్టి, 100 నుంచి 150 మధ్య లెన్సుతో కొంచెం దూరం నుంచి తీస్తే లీష్ పెద్దగా కనపడదు, కనపడినా తప్పు లేదు.

ఆర్10 ధర ఎక్కువనిపించేవారికి 2023లో వచ్చిన ఆర్50 ఉంది. కంటిని పట్టుకునే శక్తి దాదాపు ఇంతే, బరువు ఇంకా తక్కువ. కాని మొదటి తెర ఎలక్ట్రానిక్‌గా ఉండే పద్ధతిలో సెకనుకు 12 ఫ్రేములే, డయలు ఒకటే, ఫోకస్ బిందువును కదిపే జాయ్‌స్టిక్ లేదు. ఇంట్లో పిల్ల కోసం మాత్రమే అయితే అది చాలు. తీరంలో తరచూ తీసేవారు మాత్రం కెమెరా లోపలే స్థిరీకరణ, రెండు కార్డు స్లాట్లు, దుమ్ము తేమలకు కొంత రక్షణ ఉన్న ఆర్7ను చూడాలి. దాని బరువు 612 గ్రాములు. ఏది కొన్నా రెండో బ్యాటరీ తీసుకోండి. వరుస చిత్రాలు తీస్తే ఆర్10లోని చిన్న ఎల్‌పీ-ఇ17 బ్యాటరీ త్వరగా ఖాళీ అవుతుంది.

ఈ కెమెరాను నేను ఎక్కువగా మెచ్చుకోవడానికి కారణం మా ఇంటి బయట ఉంది. 1959లో మొదలైన బ్లూ క్రాస్ వంటి జంతు సంరక్షణ సంస్థలున్న ఈ నగరంలో ఇల్లు కోసం ఎదురుచూసే నాటు పిల్లలు ఎప్పుడూ ఉంటాయి. వాటి కోసం తిరిగే ఫొటోల్లో అధికభాగం బోను చువ్వల వెనుక, బెదిరిన కళ్లతో, ఫోన్‌లో హడావుడిగా తీసినవి. ఆడుతున్న పిల్ల ఫొటో చూసినవారికి దాని స్వభావం తెలుస్తుంది. ఇది తాడు లాగేదా, బంతి వెంట పోయేదా, పిల్లలతో కలిసేదా అన్నది కనిపిస్తుంది. మా వీధిలో దొరికిన మరికొన్ని పిల్లలను కూడా ఇప్పుడు ఇదే కెమెరాతో, ఇదే పద్ధతిలో తీస్తున్నాను. ఒక్కో పిల్లకు మూడు చిత్రాలు ఎంచుకుంటాను: కంటి ఎత్తులో ముఖం స్పష్టంగా ఉన్నది ఒకటి, పరుగులోనో ఆటలోనో ఉన్నది ఒకటి, మనిషి పక్కన నిలబడి ఎంత ఎదిగిందో తెలిసేలా పక్కనుంచి తీసినది ఒకటి. మచ్చలు, మానుతున్న గాయాలు ఉంటే వాటిని చెరిపివేయను. తీసుకునేవారు వాటిని ముందే చూడాలి. పిల్ల వయసు, వేసిన టీకాలు, తరువాతి టీకా తేదీ ఫొటో కిందే రాస్తాను.